విడిపోతే ఓడిపోయినట్టేనా?

మా మేనకోడలు ఎంబీఏ చదువుతోంది. పెద్ద కంపెనీల మధ్య పొత్తుల మీద ప్రాజెక్టు రిపోర్టు రాసి, బైండింగుకి ఇచ్చే ముందు ఒకసారి అంకెలు చూసిపెట్టమని నాకు పంపింది. అంకెలు బాగానే ఉన్నాయి. చివర్లో ఒక పట్టిక పెట్టింది: ఒకవైపు సఫలమైన పొత్తులు, రెండోవైపు విఫలమైనవి. విఫలమైనవాటిలో మొట్టమొదటి పేరు హీరో హోండా. కారణం గడిలో "సంస్కృతుల తేడా, పరస్పర నమ్మకం లేకపోవడం" అని ఉంది.

విజయనగరంలో టూవీలర్ షోరూంలో పద్దులు రాస్తూ తల నెరిసినవాణ్ణి నేను. ఇరవయ్యారేళ్లు నడిచి, 2001 కల్లా ప్రపంచంలోకెల్లా ఎక్కువ బళ్లు అమ్మే కంపెనీగా ఎదిగి, ఇద్దరికీ కడుపునిండా లాభాలు పంచి, కోర్టు మెట్లెక్కకుండా ముగిసిన వ్యవహారాన్ని ఫెయిల్ గడిలో చూసేసరికి ప్రాణం ఉసూరుమంది. ఫోన్ చేసి అడిగాను, ఏ లెక్కన ఫెయిలని. "విడిపోయారు కదా మావయ్యా" అంది.

తన తప్పేం లేదు. ఏ మేనేజ్‌మెంటు పుస్తకం తిరగేసినా, సగానికి సగం పొత్తులు విఫలమవుతాయన్న మాట ఎక్కడో ఒకచోట తగులుతుంది. విఫలం అంటే ఏమిటని వెతికితే చాలాసార్లు తేలేది ఒకటే: గడువు కంటే ముందు ముగిసింది, లేదా ఒకరి వాటా రెండోవారు కొనేశారు. నాకు ఈ కొలబద్దే నచ్చదు. పొత్తు ఎన్నాళ్లు ఉంటుందన్నది నమ్మకాల మీద కంటే అవసరాల మీద ఆధారపడుతుందని నా అభిప్రాయం. ఒకరి దగ్గరున్నది రెండోవారు నేర్చేసుకున్న రోజున అవసరం తీరుతుంది. తీరాక విడిపోతారు. అప్పుడు చూడాల్సింది ఎవరు ఏమి పట్టుకుని బయటికొచ్చారన్నది.

నాలుగు జపాన్ పొత్తులు

దీనికి మన దేశంలోనే బ్రహ్మాండమైన రుజువుంది, ఎవరూ పనిగట్టుకుని చూడరు. 1980లలో నలుగురు మనవాళ్లు నలుగురు జపాన్‌వాళ్లతో చేతులు కలిపారు. హీరోకి హోండా, టీవీఎస్‌కి సుజుకి, బజాజ్‌కి కవాసాకి, ఎస్కార్ట్స్‌కి యమహా. కాలం ఒకటే, ప్రభుత్వ నిబంధనలు అవే, బండి 100 సీసీ దరిదాపుల్లోనే, కొనేవాడూ ఒకడే. తేడా ఏదైనా వచ్చిందంటే అది పొత్తు నడిపిన తీరులోంచే రావాలి.

మా ఊళ్లో గంటస్తంభం నుంచి కోట వరకు యమహా ఆర్‌ఎక్స్ 100 మీద పోయే కుర్రాణ్ణి చూడకుండానే చెవులు గుర్తుపట్టేవి. కానీ జీతగాళ్లు, మాస్టార్లు, పాలకేంద్రంవాళ్లు కొన్నది హీరో హోండా సీడీ 100. దాసన్నపేట మెకానిక్ ఒకాయన తరచూ అనేవాడు: "యమహాకి జోరుంది బాబూ, హోండాకి ఇంటి లెక్క తెలుసును." మిగతా ముగ్గురు జపాన్‌వాళ్లూ టూస్ట్రోక్ ఇంజన్లు తెస్తే, హోండా ఫోర్‌స్ట్రోక్ తెచ్చింది. పెట్రోలు తక్కువ తాగేది. తర్వాత 1996లో, 2000లో పొగ నిబంధనలు బిగిసేసరికి టూస్ట్రోక్ బళ్ల పని అయిపోయింది. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది.

ఇక పొత్తుల సంగతి. టీవీఎస్, సుజుకి 2001లో విడిపోయాయి. సుజుకి వాటాని టీవీఎస్‌వాళ్లు కొనేసుకున్నారు, కొంతకాలం ఇండియాలో బళ్లు అమ్మనని సుజుకి మాటిచ్చింది. అదే ఏడాది టీవీఎస్ సొంత ఇంజన్‌తో విక్టర్ బయటికొచ్చింది. విడిపోయాక కూర్చుని గీస్తే అంత తొందరగా బండి రాదు. అంటే సుజుకితో కలిసి ఉన్నప్పుడే వెనకగదిలో వాళ్ల పని వాళ్లు చేసుకుంటున్నారన్నమాట. బజాజ్ కూడా అంతే. కవాసాకి దగ్గర కేబీ 100 నుంచి ఫోర్‌స్ట్రోక్ దాకా నేర్చుకుని, 2001లోనే పల్సర్ దింపింది. కవాసాకితో గొడవపడలేదు, బంధం తెంచుకోనూ లేదు. ఆ జపాన్ కంపెనీ పెద్ద బళ్లను తన షోరూముల్లోనే అమ్మిపెడుతూ 2017 దాకా లాక్కొచ్చింది.

ఎస్కార్ట్స్ దారి వేరు. రాజ్‌దూత్ కాలం నుంచి బళ్లు చేసిన కంపెనీ, చేతిలో ఆర్‌ఎక్స్ 100 లాంటి బండి, అయినా ఇంజను విద్య యమహా దగ్గరే ఉండిపోయింది. 1990ల నడుమ సగం సగం వాటాలు పెట్టుకున్నారు, 2000లో యమహా వాటా 74 శాతమైంది, 2001కి మొత్తం యమహాదే. ఆ తర్వాత ట్రాక్టర్లలో కూడా ఎస్కార్ట్స్ జపాన్ కుబోటాతో కలిసింది. 2022లో కుబోటా అతిపెద్ద వాటాదారు అయ్యి కంపెనీ పేరే ఎస్కార్ట్స్ కుబోటాగా మారింది. వాటా అమ్మినందుకు డబ్బు ముట్టింది కాబట్టి వాళ్లకి నష్టమని అనలేం. విద్య మాత్రం ఇటు రాలేదు.

మేనకోడలి పట్టిక ప్రకారం ఈ నాలుగూ ఫెయిలే. అన్నీ ముగిశాయి కదా. కానీ వీటిలో రెండిటి నుంచి ఇవాళ దేశదేశాలకు బళ్లు ఎగుమతి చేస్తున్న టీవీఎస్, బజాజ్ పుట్టాయి. ఆ రెండిటినీ ఎస్కార్ట్స్‌తో కలిపి ఒకే గడిలో పెట్టే లెక్క ఏం లెక్క?

షోరూం పని కాక పక్కన కొన్ని చిన్న వ్యాపారాల పద్దులూ చూసేవాణ్ణి. పలాసలో ఇద్దరు జీడిపప్పు వ్యాపారులు కలిసి ఆఫ్రికా నుంచి జీడిపిక్కలు తెప్పించేవారు. ఒకాయనకి విశాఖ పోర్టులో పనులు తెలుసు, రెండో ఆయనకి అక్కడ పిక్కలు ఇప్పించే బ్రోకరు తెలుసు. రెండు సీజన్లు అన్నదమ్ముల్లా నడిచింది. మూడో సీజన్‌కి పోర్టు తెలిసినాయన సెల్‌లోకి బ్రోకరు నంబరు చేరింది. అంతే, తగాదా లేదు, తిట్టుకోలేదు. వచ్చే కంటైనరు ఒక్కరి పేరు మీద వచ్చింది. బ్రోకరు తెలిసినాయనకి పోర్టు పని నేర్చుకుందామన్న ఆలోచన ఎప్పుడూ రాలేదు. పెద్ద కంపెనీల వ్యవహారాలు చదివినప్పుడల్లా నాకు ఆ నంబరే గుర్తొస్తుంది.

మా ఊళ్లో రెండో హోండా

హీరో హోండా పొత్తు 1984 నాటిది. చెరో 26 శాతం. హోండా ఇంజను ఇచ్చింది. హీరో యజమానులైన ముంజాల్ కుటుంబం సైకిళ్లు అమ్మిన ఊరూరి డీలర్లను, విడిభాగాలు చేసే బంధువర్గాన్ని ఇచ్చింది. ఈ రెండోదాన్ని చాలామంది తక్కువ అంచనా వేస్తారు. బొబ్బిలి, సాలూరు, పాలకొండ లాంటి ఊళ్లకు బండి చేరాలన్నా, చైను తెగితే ఆ పూటే చైను దొరకాలన్నా టోక్యోలో ఎంత గొప్ప ఇంజనీరున్నా ప్రయోజనం లేదు.

హోండా ఆ భాగాన్ని ఏళ్ల తరబడి పక్కన కూర్చుని చూసింది. 1999లో నూటికి నూరు శాతం తన సొంత కంపెనీని ఇండియాలో పెట్టింది. 2001లో యాక్టివా వచ్చింది. మోటార్ సైకిళ్ల జోలికి కొన్నేళ్లు రానని ఒప్పందం. 2004లో యూనికార్న్ మోటార్ సైకిల్‌తో అదీ అయిపోయింది. మా ఊళ్లో కూడా ఇంకో రోడ్డులో హోండా షోరూం తెరిచారు. మా బోర్డు మీదా హోండా పేరే, వాళ్ల బోర్డు మీదా హోండా పేరే. రెండు చోట్లకీ తిరిగొచ్చిన ఒక టీచరుగారు మా కౌంటర్ దగ్గర నిలబడి "ఇందులో అసలు హోండా ఎవరండీ?" అని అడిగారు. మా సేల్స్ కుర్రాడు "ఇద్దరం అసలేనండి" అన్నాడు. ఆవిడ నవ్వి వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు.

నా దృష్టిలో ఆ పొత్తు గడియారం తిరగడం మొదలైంది 1999లో. 2010 డిసెంబరులో ప్రకటించింది గంట కొట్టడం మాత్రమే. ఇక్కడ మేనకోడలు గట్టిగా అడ్డుపడింది. "అదే నేనూ చెప్పేది మావయ్యా, పక్కనే సొంత దుకాణం పెట్టినప్పుడే నమ్మకం పోయింది. నమ్మకం పోయింది కాబట్టే విడిపోయారు." వినడానికి బాగుంది. కానీ నమ్మకం పోయాక ఇంకో పదకొండేళ్లు కలిసున్నారే! స్ప్లెండర్, ప్యాషన్ రాజ్యమేలింది ఆ ఏళ్లలోనే. మా షోరూంలో దసరాకి, పైడితల్లమ్మ సిరిమానోత్సవం వారంలో డెలివరీలకు పూలదండలు చాలని రోజులవి. నమ్మకం లేకుండా అంత వ్యాపారం ఎలా నడిచింది? హోండాకి రాయల్టీ కావాలి, డివిడెండు కావాలి. హీరోకి ఇంజను కావాలి. చూపులు కలవకపోయినా ట్రక్కులు టైముకి కదిలాయి.

2010లో ఏమైందంటే ఈ అవసరాలు రెండువైపులా పలచబడ్డాయి. హోండాకి సొంత డీలర్లు, సొంత ఫ్యాక్టరీలు ఏర్పడ్డాయి. హీరోకి బయటి దేశాల్లో అమ్ముకోవాలని ఉంది, కానీ నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ లాంటి కొద్ది దేశాలు దాటి పోవడానికి ఒప్పందం ఒప్పుకోదు. హోండా తన 26 శాతాన్ని సుమారు 3,842 కోట్లకు ముంజాల్ కుటుంబానికి అమ్మింది. అప్పటి మార్కెట్ ధరలో అది సగం కూడా కాదు. హోండా అమాయకంగా వదులుకుందని అప్పట్లో కొందరు రాశారు. నాకలా కనిపించలేదు. 2014 వరకు ఇంజన్ల లైసెన్సుకు హీరో విడిగా డబ్బు కట్టింది. హోండాకి దొరికిన మరో వస్తువు స్వేచ్ఛ, అది వాటా ధరలో రాయరు.

2011లో పేరు హీరో మోటోకార్ప్ అయింది. మా బోర్డు మార్చిన వారంలో గజపతినగరం వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. "ఏటి బాబూ, హోండావోలు ఒగ్గీసి ఎల్లిపోనారంట, మరి ఇంజను ఎవులు సేస్తారు?" అని అడిగాడు. బిజినెస్ పేపర్లన్నీ పేజీలకు పేజీలు రాసిన ప్రశ్నని ఆయన ఒక్క ముక్కలో అడిగేశాడు. మా మేనేజర్ దగ్గర ఆ రోజు సరైన జవాబు లేదు. వర్క్‌షాపులో మెకానిక్ మాత్రం "బోర్డుకి రంగేసినోడికి పని దొరికింది, మాకేటి? అయ్యే నట్లు, అయ్యే బోల్టులు" అన్నాడు. అతని మాటే నిజమైంది. పదేళ్లు దాటినా స్ప్లెండర్ అమ్ముడవుతూనే ఉంది, హీరో ఏటా అర కోటికి పైగా బళ్లు అమ్ముతోంది. విజయనగరం పల్లెల్లో దాన్ని ఇప్పటికీ హీరో హోండా అనే పిలుస్తారు.

నా వాదనలో నాకే గుచ్చుకునే ముల్లు ఒకటుంది. టీవీఎస్, బజాజ్ 2001కే సొంత ఇంజన్లు చేసుకుంటే, హీరో జైపూర్ దగ్గర పెద్ద పరిశోధన కేంద్రం తెరిచేసరికి 2016 వచ్చింది. పక్కన అంత మంచి ఇంజను దొరుకుతుంటే మనమెందుకు కష్టపడాలన్న ధీమా ఆ కంపెనీని కొన్నేళ్లు వెనక్కి లాగింది. స్కూటర్లలో యాక్టివాని ఇప్పటికీ పట్టుకోలేకపోవడం దాని ఫలితమే కావచ్చు. అంటే బాగా నడిచే పొత్తులో కూడా ఒక ప్రమాదముంది: సుఖం మరిగితే నేర్చుకోవడం ఆగిపోతుంది. అప్పుడు హీరో హోండా నెగ్గినట్టా, పదేళ్లు ఎక్కువ నడిచినట్టా? డివిడెండ్లు అందుకున్నవాళ్లు నెగ్గిందంటారు. ఇంజనీర్లని అడిగితే ఇంకో మాట చెబుతారు. నేను లెక్కలవాణ్ణి కాబట్టి మొదటివాళ్ల వైపే మొగ్గుతాను, కానీ పూర్తి నిశ్చింతగా కాదు.

అదే సుజుకి, రెండు కథలు

కంపెనీల స్వభావం బట్టి పొత్తులు నిలుస్తాయనేవాళ్లకి నేను సుజుకిని చూపిస్తాను. 1982లో ప్రభుత్వ కంపెనీ అయిన మారుతిలో 26 శాతంతో మొదలైంది. 1987లో 40, 1992లో 50. మధ్యలో పెద్ద గొడవే జరిగింది. 1997లో ప్రభుత్వం ఆర్.ఎస్.ఎస్.ఎల్.ఎన్. భాస్కరుడుగారిని ఎండీగా వేస్తే సుజుకి ఒప్పుకోక అంతర్జాతీయ మధ్యవర్తుల దగ్గరకి వెళ్లింది. 1998లో రాజీపడ్డారు. 2002లో సుజుకిది పైచేయి అయింది, 2007కి ప్రభుత్వం పూర్తిగా తప్పుకుంది. పొత్తుగా చూస్తే ఒక భాగస్వామి రెండోవాణ్ణి మింగేశాడు. దేశం వైపు నుంచి చూస్తే కార్ల పరిశ్రమే పుట్టింది. దీన్ని ఏ గడిలో రాస్తారో రాసుకోండి.

అదే సుజుకి 2009 డిసెంబరులో ఫోక్స్‌వాగన్‌తో చేతులు కలిపింది. జర్మన్లు 19.9 శాతం కొన్నారు. రెండేళ్లు తిరక్కుండానే చెడింది. ఫియట్ నుంచి డీజిల్ ఇంజన్లు తీసుకోవడం మీద ఒక రగడ. దానికంటే ముందు నన్ను ఆకర్షించింది ఇంకోటి: ఫోక్స్‌వాగన్ తన వార్షిక నివేదికలో సుజుకి విధానాలను గణనీయంగా ప్రభావితం చేయగల స్థితిలో ఉన్నామన్న అర్థం వచ్చేలా రాసుకుంది. ఆడిటర్లకు అది రోజూ రాసే వాక్యమే. సుజుకి అధినేత ఒసాము సుజుకికి మాత్రం ఒళ్లు మండింది. సమాన భాగస్వాములం అనుకుని వచ్చినవాడు ఎదుటివాడి పద్దుల్లో తన పేరు అనుబంధ సంస్థ కింద చూస్తే ఎలా ఉంటుంది? 2011లో పొత్తు రద్దన్నాడు, జర్మన్లు వాటా వెనక్కి ఇచ్చేది లేదన్నారు. మధ్యవర్తిత్వం 2015 దాకా సాగి, చివరికి సుజుకి తన షేర్లు తాను కొనుక్కుంది.

మారుతిలో సుజుకి రోజురోజుకీ పెద్దవాడవుతూ వచ్చాడు కాబట్టి ఓపిక పట్టాడు. ఇక్కడ చిన్నవాడయ్యే భయం పట్టుకుంది. అదే మనిషి, అదే కంపెనీ. సంస్కృతి మారలేదు, కుర్చీ మారింది. ఆ తర్వాత 2019లో టయోటాతో కలిసినప్పుడు టయోటా తీసుకున్నది 4.94 శాతమే. బలెనోకి గ్లాంజా అని పేరు మార్చి టయోటా అమ్ముతోంది, అక్కడి హైబ్రిడ్ విద్య ఇటు వస్తోంది. 4.94 శాతం చూసి ఎవరూ భయపడరు, అందుకే అది ప్రశాంతంగా నడుస్తోందని నా అనుమానం.

రెనో, నిస్సాన్‌ల గోల కూడా ఇదే జాతిది. ఫ్రాన్స్ రెనో దగ్గర నిస్సాన్ వాటా 43 శాతం, జపాన్ నిస్సాన్ దగ్గర రెనో వాటా 15 శాతం, అదీ ఓటు హక్కు లేకుండా. 1999లో నిస్సాన్ మునిగిపోతోంది కాబట్టి సర్దుకుంది. కోలుకున్నాక కూడా ఆ లెక్కే కొనసాగింది. 2023లో చెరో 15 శాతానికి దిగేసరికి కలిసి చేసే పనులు చాలావరకు పలచబడ్డాయి.

బయటికి పోయే తలుపు

పొత్తు రాసుకునేటప్పుడే విడిపోయే షరతులు కూడా రాసుకోవాలని అందరూ చెబుతారు. అదీ అంత తేలిక కాదు. టాటా డొకోమో గుర్తుందా? సెకనుకి పైసా అంటూ 2009లో వచ్చి మా షోరూం కుర్రాళ్లందరి చేత సిమ్ములు మార్పించింది. దాని వెనక జపాన్ ఎన్‌టీటీ డొకోమో 26.5 శాతం వాటాకి సుమారు 12,740 కోట్లు పెట్టింది. అనుకున్నట్టు సాగకపోతే కనీసం సగం ధరకైనా వాటాకి కొనుగోలుదారుని టాటావాళ్లు చూపించాలని షరతు. 2014లో డొకోమో ఆ షరతు తీసి చూపింది. ముందే ఖాయం చేసుకున్న ధరకి విదేశీ వాటాదారు తప్పుకోవడానికి రిజర్వు బ్యాంకు అనుమతించలేదు. 2016లో లండన్ మధ్యవర్తులు టాటాని 117 కోట్ల డాలర్లు కట్టమన్నారు, 2017లో ఢిల్లీ హైకోర్టు ఒప్పుకున్నాక సొమ్ము ముట్టింది.

ఇందులో రిజర్వు బ్యాంకుది మూర్ఖత్వమని చాలామంది అన్నారు. నాకు వాళ్ల వైపు కూడా కొంచెం న్యాయం కనిపించింది. నష్టమొచ్చినా సగం తిరిగొస్తుందని రాయించుకున్నవాడు ఆ సగం మేరకు అప్పిచ్చినవాడే. అలాంటివాడికి వ్యాపారం బాగుపడాలన్న తొందర కంటే గడువు తేదీ మీద ధ్యాస ఎక్కువ ఉంటుంది. మాటిచ్చాక కట్టాల్సిందే, అది వేరే సంగతి. కట్టడంవల్ల టాటా పరువు నిలిచింది కూడా.

దీనికి పక్కన పెట్టి చూడాల్సింది మన రాజాం నుంచి ఎదిగిన జీఎంఆర్ వ్యవహారం. జనపనార మిల్లుతో మొదలైన కంపెనీ ఇప్పుడు భోగాపురంలో విమానాశ్రయం చేపట్టింది. 2020 ఫిబ్రవరిలో ప్యారిస్ విమానాశ్రయాలు నడిపే గ్రూప్ ఏడీపీ, జీఎంఆర్ ఎయిర్‌పోర్ట్స్‌లో 49 శాతానికి 10,780 కోట్లు ఇస్తానని ఒప్పుకుంది. మొదటి విడత చేరింది. ఈలోగా కోవిడ్ వచ్చి విమానాలన్నీ నేలమీదే నిలబడిపోయాయి. ఫ్రెంచివాళ్లు రెండో విడత ఎగ్గొట్టి లండన్‌లోనో సింగపూర్‌లోనో మధ్యవర్తుల దగ్గరకి పోవచ్చు. జీఎంఆర్‌వాళ్లు రాసిన ప్రకారం పైసాతో సహా ఇమ్మని పట్టుబట్టొచ్చు. ఆ జూలైలో మళ్లీ కూర్చుని మొత్తం తగ్గించుకున్నారు, తగ్గించినదానిలో కొంత భాగాన్ని ముందుముందు పనితీరును బట్టి ఇచ్చేలా ముడిపెట్టారు. ఒప్పందం చించకుండా తిరగరాయగలిగారు. ఊరి అభిమానంతో అంటున్నానని అనుకుంటే అనుకోండి, నాకు మాత్రం డొకోమో షరతుకంటే ఈ బేరమే ఎక్కువ నేర్పింది. అప్పుడు ఇద్దరికీ ఒకరితో ఒకరికి పని మిగిలే ఉంది. అందుకే కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.

నా వాదనకి అడ్డం తిరిగే ఇంజను

అవసరం తీరగానే పొత్తు ముగుస్తుందంటే, మరి యాభై ఏళ్లు దాటినవాటి మాటేమిటి? సీఎఫ్‌ఎం అనే పేరు మామూలు జనానికి తెలీదు గానీ విశాఖలో దిగే విమానాల్లో చాలావాటి రెక్కల కింద వేలాడేది దాని ఇంజనే. అమెరికా జనరల్ ఎలక్ట్రిక్ (జీఈ), ఫ్రాన్స్ స్నెక్మా కలిసి 1974లో చెరిసగం పెట్టిన కంపెనీ. స్నెక్మా ఇప్పుడు సాఫ్రాన్ అయింది. మొదట్లో అమెరికా ప్రభుత్వమే అడ్డుపడింది, ఎందుకంటే జీఈ ఇవ్వబోయే ఇంజను గుండెకాయ బాంబర్ విమానం కోసం చేసినది. 1973లో రేక్యావిక్‌లో నిక్సన్, పాంపిడూ కలిసినప్పుడు ఈ చిక్కు విడిపోయింది. తీరా ఇంజను చేశాక కొనేవాడు లేడు. 1979లో ఇక ఆపేద్దామనుకుంటున్న సమయంలో పాత డీసీ-8 విమానాలకు ఇంజన్లు మార్చే ఆర్డరు దొరికి బతికిపోయింది. ఆ తర్వాత 737లు, ఎయిర్‌బస్‌లు. ఒక్క సీఎఫ్‌ఎం56 రకమే 30 వేలకు పైగా తయారైంది. 2021లో ఒప్పందాన్ని 2050 దాకా పొడిగించుకున్నారు.

ఇక్కడ ఇద్దరి మధ్యా పొలం గట్టులా ఒక గీత ఉంది. లోపల మండే భాగం జీఈది. ముందు ఫ్యాను, వెనక తక్కువ ఒత్తిడి టర్బైను ఫ్రెంచివాళ్లవి. అప్పుడు పెట్టుకున్న గట్టు తర్వాతి తరం లీప్ ఇంజనుకి కూడా అదే. లెక్కలవాడిగా నాకు ఇంకా ముద్దొచ్చింది వాళ్ల పద్దుల పద్ధతి. వచ్చిన అమ్మకం సొమ్ము పంచుకుంటారు, ఖర్చులు మాత్రం ఎవరివి వారివే. నీ ఫ్యాక్టరీలో ఖర్చెందుకు పెరిగింది, నీ జీతాలెందుకంత ఎక్కువ అని ఒకరినొకరు నిలదీసే సందర్భమే రాదు. ఉమ్మడి వ్యాపారాల్లో సగం తగాదాలు ఖర్చుల దగ్గరే పుడతాయని పద్దులు రాసే ఎవణ్ణడిగినా చెబుతాడు.

ఇది నా వాదనని పడగొడుతుందా? పడగొట్టదనే అనుకుంటున్నాను. ఒక ఇంజను పూర్తయ్యేసరికి ఇంకో తరం ఇంజను కావాల్సి వస్తోంది. దానికయ్యే డబ్బు ఒక్కరు భరించలేరు, ఎదుటివాడి సగాన్ని కొత్తగా నేర్చుకోవడానికి ఒక తరం పడుతుంది. అంటే అవసరం తీరడం లేదు, మళ్లీ మళ్లీ పుడుతోంది. అయితే ఒక అనుమానం నన్ను వదలదు. ఆ మార్కెట్లో ఉన్నదే ఇద్దరు ముగ్గురు, వెనక ప్రభుత్వాలున్నాయి. అక్కడ కుదిరింది బళ్ల దగ్గరో బట్టల దగ్గరో కుదరాలని లేదు. మేనకోడలు దీన్నే పట్టుకుని "అయితే మీ సూత్రం విమానాలకి పనికిరాదు" అంది. పనికొస్తుంది, కానీ ఆ గట్టు పెట్టుకునే అవకాశం అన్ని వస్తువుల్లోనూ ఉండదు. మోటార్ సైకిల్లో ఇంజను ఒకడిది, ఊరూరి డీలరు ఇంకొకడివాడు అయినప్పుడు, డీలర్లను సంపాదించుకోవడం ఇంజను నేర్చుకోవడం కంటే సులువు. హోండా పదేళ్లలో సంపాదించుకుంది.

ఇప్పుడు నడుస్తున్నవాటిని చూస్తే పాత్రలు తిరగబడ్డాయి. ఒకప్పుడు ఇంజను అటునుంచి వచ్చేది. ఇప్పుడు పేరు అటునుంచి వస్తోంది, తయారీ, కొంత ఇంజనీరింగు ఇక్కడ జరుగుతున్నాయి. బ్రిటన్ కంపెనీ ట్రయంఫ్ 400 బళ్లు బజాజ్ చేస్తోంది. అమెరికా హార్లే కంపెనీ ఎక్స్440కి 2023లో రూపం హార్లే ఇచ్చింది, బండిని తయారుచేసింది హీరో. 2007లో కొద్ది వాటాతో కేటీఎంలో చేరిన బజాజ్, 2024 చివర్లో ఆ ఆస్ట్రియా కంపెనీ దివాలా దాకా వెళ్తే డబ్బు పెట్టి 2025లో దాన్నే చేతిలోకి తీసుకుంది. ఇంజను విద్యలా పేరుని పక్కన కూర్చుని నేర్చేసుకోలేం, అందుకని ఈ పొత్తులు పాతవాటికంటే ఎక్కువ కాలం నిలుస్తాయేమో. మరోవైపు పేరున్నవాడికి ఇంకో ఫ్యాక్టరీ దొరకడం కష్టమేం కాదు. హీరో, హార్లే వార్తలొచ్చినప్పుడు నేను వాటాల శాతాలు, సీఈఓల కరచాలనాలు పెద్దగా పట్టించుకోను. వచ్చే మోడళ్ల బొమ్మ గీసేది హార్లేవాళ్ల మిల్వాకీలోనా, హీరోవాళ్ల జైపూర్‌లోనా అన్నది చూస్తాను.